చదరంగమును చూచు విధము

2024వ సంవత్సరము ఏప్రిలు 4వ తేది మొదలు 21వ తేది వఱకు కెనడా దేశమందలి టొరాంటో నగరములో కాండిడేట్సు చదరంగపు పోటీ జరిగినది. అచ్చటి మధ్యాహ్నము రెండున్నర గంటలకు ఆట లారంభమగుచుండెను. మనకది సరిగా అర్ధరాత్రము. ఐనను మన దేశమున ననేకులు నిద్రమాని తెల్లవారుజాము వఱకు ఆ ఆటలను చూచిరి. ఇద్దరు మనుష్యులు కదలక మెదలక గంటలకొలది కూర్చుండు క్రీడను జనులు ఇంత శ్రద్ధతో ననుసరించుట శ్లాఘనీయమే. కాని ఆ రాత్రులలో పలువురి దృష్టి చదరంగపు బల్లమీద నిలిచినదని చెప్పజాలము. ప్రసారములలో బల్లప్రక్కన చూపబడు యంత్రపు కొలతపట్టీ మీదనే వారి చూపు లుండెను. ఈ యలవాటు చదరంగాభిమానమునకు హాని గావించుచున్నదని మా యభిప్రాయము.

విషయము తెలియని పాఠకులకొఱకు ముందుగా ఒక మాట చెప్పవలసియున్నది. ప్రపంచ విజేతను ఎదుర్కొను హక్కు ఎవరికి లభింపవలెనో నిర్ణయించునదే కాండిడేట్సు పోటీ. టొరాంటోలో ఎనమండుగురు ఆడిరి. ప్రతివాడును తక్కిన యేడ్గురితో రెండేసి యాటలు, వెరసి 14 ఆటలు ఆడవలెను. గెలుపునకు ఒక పాయింటు, డ్రాకు అరపాయింటు. అమెరికా దేశీయులగు కరువానా, నకమురా, రష్యా దేశీయుడగు నెపోమ్నియాషీ, ఫ్రాన్సు పక్షమున నాడు ఫిరూజా, అజర్‌బైజాను దేశీయుడగు అబాసోవు, భారతీయులు ముగ్గురు - గుకేశ్, ప్రజ్ఞానంద, విదిత్ గుజరాతీ - ఇందు పాల్గొనిరి. అంతకు పూర్వము ఈ పోటీలో నాడిన భారతీయుడు విశ్వనాథన్ ఆనందుగా రొక్కరే. పదునేడేండ్ల గుకేశ్ 9 పాయింట్లతో ప్రథముడయ్యెను. నకమురా, నెపోమ్నియాషీ, కరువానాలు మువ్వురును ఎనిమిదిన్నర పాయింట్లతో వెనుక నిలిచిరి. ఇంత చిన్నవయస్సున ఈ పోటీని గెలిచినవారు పూర్వము లేరు.

ఇక కొలతపట్టీ మాట. 1997వ సంవత్సరమున డీప్ బ్లూ అను గణకయంత్రము అప్పటి ప్రపంచ విజేతయగు కాస్పరోవును ఓడించినది. నేడు చేతిలో నిముడు ఫోనులోని యంత్రముతో సమానముగ నాడగల మానవుడు లేడు. ఆ యంత్రపు తీర్పును ప్రసారములలో తెలుపు నలుపుల పట్టీగా చూపుదురు. తెల్లపావులవానికి అనుకూలించినచో తెలుపు పెరుగును, నల్లపావులవానికి అనుకూలించినచో నలుపు పెరుగును. దీనివలన మేలు లేకపోలేదు. ఎవరిది పైచేయియో కొత్తవానికి వెంటనే తెలియును. కాని అది యెందువలన పైచేయి యైనదో, దానిని నిలుపుకొనుట యెంత కష్టమో పట్టీ చెప్పదు. గెలుపునకు ఒక్కటే దారి యుండి, అదియు ఇరువది యెత్తుల లోతున దాగియున్నను, పట్టీ లెక్కకు అది గెలుపే.

బల్లముందు కూర్చున్నవానికి పట్టీ కనబడదు. వానికున్న సాధనములు తన బుద్ధియు, జ్ఞాపకమును. ఎదుట గడియారము నడచుచుండును. టొరాంటోలో ఒక్కొక్కరికి మొదటి నలుబది యెత్తులకు రెండు గంటల కాల మియ్యబడెను. ఆ నలుబది యెత్తులు ముగియు వఱకు ఎత్తెత్తునకు కలుపు సెకండ్ల సహాయము లేదు. ముప్పదవ యెత్తునకే కాలము హరించిపోయినవాడు తక్కిన పదియెత్తులను నిమిషముల మీద నాడవలెను. ఇట్టి స్థితిలో జరిగిన పొరపాటును పట్టీలో చూచి, తనంతట తాను రెండెత్తుల లోతు చూడజాలనివాడు సయితము “ఇంతమాత్రము తెలియదా?” యని నవ్వుట నేడు సామాన్యమైపోయినది. యంత్రముయొక్క జ్ఞానమును తన జ్ఞానముగా భ్రమించుట కంటె హాస్యాస్పదమైనది వేఱొకటి గలదా?

తుదిదినపు ఆటలను దృష్టాంతముగా దీసికొందము. 13 ఆటలు ముగియునప్పటికి గుకేశ్‌నకు ఎనిమిదిన్నర పాయింట్లు, కరువానా, నెపోమ్నియాషీ, నకమురాలకు ఎనిమిదేసి పాయింట్లు వచ్చియుండెను. గుకేశ్ నల్లపావులతో నకమురాను ఎదుర్కొని ఆటను డ్రా చేసికొనెను. వేఱొక బల్లమీద కరువానా తెల్లపావులతో నెపోమ్నియాషీతో నాడుచుండెను. ఆ యిరువురిలో నెవరు గెలిచినను గుకేశ్‌తో సమానుడై, ఆతనితో మరల తలపడు నవకాశము పొందెడివాడు. డ్రా యైనచో ఇద్దరికిని నష్టమే. కరువానాకు గెలుపుదారులు దొరకెను, చేజాఱెను. 109 ఎత్తులకు ఆట డ్రాగా ముగిసెను. నెపోమ్నియాషీ తన విచారమును తెలుపగా, తప్పు తనదేయని కరువానా బదులు చెప్పెను.

ఆ దినమున పట్టీని మాత్రము చూచినవారికి కనబడినవి తెలుపు నలుపుల యూగులాటయు, కొన్ని పొరపాట్లును. ఆటను చూచినవారికి అంతకంటె విలువైన దొకటి లభించెను. దాదాపు మూడు వారముల శ్రమ యంతయు ఒక్క యాటమీద నాధారపడినప్పుడు, గంటల తరబడి యోచించి యలసిన మనస్సు ఏ దారులను వెదకునో, ఎచ్చట వెనుకాడునో, చేతికందిన గెలుపును ఎట్లు జాఱవిడుచునో వారు కన్నులార చూచిరి. ఆటగాండ్రను పరిహసించుటకు వారికి నోరాడి యుండదు.

ఫలితములనే చూచి తృప్తిపడుటయు ఇట్టి లోపమే. ఏడవ యాటలో గుకేశ్ కాలము చాలక ఫిరూజాచేత నోడెను. పట్టికలో అది యొక సున్న. ఆ సున్నను చూచి యాశ వదలుకొన్నవారు లేకపోలేదు. గుకేశ్ మాత్రము ఆ యోటమి పిదపనే ఈ పోటీని తాను గెలువగలనను భావము తనకు బలపడినదని తరువాత చెప్పెను. 13వ యాటలో ఆ ఫిరూజానే గెలిచి అందఱికంటె ముందునకు వచ్చెను. అదే నగరమున నదే సమయమున జరిగిన స్త్రీల కాండిడేట్సు పోటీలో ప్రజ్ఞానంద సోదరి వైశాలి వరుసగా నాలుగాటలు ఓడి, పిదప మిగిలిన యైదాటలును వరుసగా గెలిచెను. తుదకు మన కోనేరు హంపితోను, చైనా దేశీయురాలగు లేయ్ టింగ్జీతోను సమానముగ ఏడున్నర పాయింట్లు పొందెను. ప్రథమస్థానము చైనా దేశీయురాలగు టాన్ ఝోంగ్యీకి దక్కెను. తుదిపట్టికను జూచినవానికి ఆ నాలుగు ఓటములును, వాని పిదప ఆమె ప్రతిదినము వచ్చి బల్లముందు కూర్చుండుటకు కావలసిన ధైర్యమును కనబడవు.

2024 డిసెంబరు 12వ తేదిన సింగపూరులో గుకేశ్ చైనా దేశీయుడగు డింగ్ లిరెన్‌ను ఏడున్నరకు ఆరున్నరగా నోడించి, పదునెనిమిదవ యేట ప్రపంచ విజేత యయ్యెను. వెంటనే ఆతడు తెలుగువాడా, తమిళుడా యను వాదము చెలరేగినది. ఆతడు చెన్నపురిలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబపు బిడ్డ. ఇరువాగులవారును గర్వించుటకు ఇందు కావలసినంత చోటు గలదు. సింగపూరు పోరునకు గుకేశ్‌ను సిద్ధపఱచిన వారిలో మన గుంటూరు గ్రాండుమాస్టరు పెండ్యాల హరికృష్ణయు నుండెనని తెలిసినప్పుడు ఆంధ్రులు సంతసించుట సహజము. ఈ గర్వమును మేము నిందింపము. కాని ఆ వాదములో గొంతెత్తినవారిలో ఆ పదునాలుగు ఆటలలో ఒక్కదానినైనను బల్లమీద పఱచి చూచినవా రెందఱు?

తుదియాటలో డింగ్ తన యేనుగును తగనిచోట నుంచి యోడెనని అందఱును చెప్పుదురు. నల్లపావులతో నాడుచున్న గుకేశ్, డ్రాతో తృప్తిపడదగిన స్థితిలోను ఒక్క బంటు ఆధిక్యమును విడువక, ఎత్తు వెంబడి ఎత్తుగా ప్రత్యర్థిని బాధించుచు వచ్చుటచేతనే ఆ పొరపాటు సంభవించినదని చెప్పువారు కొలదిమందియే. మనవాడు గెలిచెనని చెప్పుకొనువానికి, మనవాడెట్లు గెలిచెనో తెలిసియుండుట కనీసపు విధి. లేనియెడల ఆ యభిమానము జయము ఉన్నంత కాలముండి, మొదటి యోటమితో దూషణగా మాఱును.

చదరంగ మందఱికిని ఎట్లు బోధపడును, సామాన్యుడు చూచి యానందింపరాదా యని కొంద ఱడుగవచ్చును. ఆనందింపవచ్చును. పాండిత్యము కావలెనని మేము కోరుట లేదు. ప్రయత్నము కావలెనని మాత్రమే మా కోరిక. ఆటలో చిక్కైన ఘట్టము వచ్చినప్పుడు పట్టీని కప్పివేసి, తానైనచో ఏ యెత్తు వేయునో యోచించి, ఒక కాగితముమీద వ్రాసికొని, పిదప ఆటగాడు వేసిన యెత్తుతో సరిచూచుకొనవలెను. మొదట పదింట ఒకటియు కలియకపోవచ్చును. ఐనను ఎచ్చట భేదించినదో విచారించినప్పుడు ఆటగాని యోచన కొంతయైనను మనకు బోధపడును. యంత్రమును పిమ్మట అడుగవచ్చును. గురువును ప్రశ్నించునట్లు దాని నడిగినచో అది యుపకరించును. ముందే దాని తీర్పు వినినచో మన బుద్ధికి పనియే యుండదు.

ఈ విషయమున చదరంగమునకు ఇతర క్రీడలకు లేని సౌకర్యము గలదు. బంతి పడిన తీరును, బ్యాటు తాకిన తీరును కాగితముమీద పూర్తిగా వ్రాయజాలము. చదరంగపు ఆట ఎత్తులరూపమున ఏ లోపము లేక కాగితముమీద నిలుచును. 1953లో స్విట్జర్లాండులో జరిగిన కాండిడేట్సు పోటీలో పదునేనుగురు ఆడిరి. అందలి 210 ఆటలకును, స్వయముగ నాడిన బ్రోన్‌స్టైను వ్యాఖ్య వ్రాసి గ్రంథముగా వెలువరించెను. ఏడు పదుల యేండ్లు గడచినను చదరంగమును నేర్చువా రా గ్రంథమును నేటికిని చదువుచున్నారు. టొరాంటో ఆటలును అట్లే నిలిచియున్నవి. ఏ పల్లెలోనైనను ఒక బల్లయు, ముప్పదిరెండు పావులును, ఎత్తుల పట్టికయు నున్నచో ఆ రాత్రి జరిగిన ఆటను పగటివేళ నిదానముగ నాడి చూచుకొనవచ్చును.

పత్రికలకును ఇందు బాధ్యత గలదు. ఎవరు గెలిచిరో ఒక పంక్తిలో ప్రకటించి, చిత్రమును ముద్రించుటతో తమ పని తీఱినదని తలంపరాదు. ముఖ్యమైన ఆటను ఎత్తులతో సహా ముద్రించి, కీలకమైన చోట తెలుగులో నాలుగు మాటల వివరణ చేర్చుట వాంఛనీయము. గ్రంథాలయములలోను, పాఠశాలలలోను వారమున కొకసాయంకాలము పదిమంది కూడి ఒక్క యాటను పఱచి చర్చించుకొన్నచో, వ్యయము లేక మహోపకారము కలుగును. హంపివంటివారును, హరికృష్ణవంటివారును పుట్టిన నేలమీద వారి యాటను చదువగలవారు కొఱవడుట తగదు. గొప్ప యాటగానికి చప్పట్లు కొట్టువారు ఎచ్చటనైనను దొరకుదురు. ఆతడు వేసిన యెత్తు కష్టమును గుర్తెఱిగి తల పంకించువా రుండుటయే ఆతనికి నిజమైన సన్మానము.