పాట అందరిదీ అన్నవాళ్ళు పోస్టరు మీద పేర్లు మాత్రం కొందరివే వేశారు

పోస్టు పొడుగ్గా ఉంటది. ఒక్కసారికి కాకపోతే రెండు ముక్కలుగా చదువుకోండి గానీ, సగం చదివి కామెంటు పెట్టొద్దు.

మొన్న ఈ గ్రూపులోనే తమిళ ర్యాపర్ అరివు ఆల్బం గురించి మాట వచ్చింది. 2024లో వచ్చింది, పేరు 'వళ్ళియమ్మ పేరాండి'. మా హాస్టల్లో ఒక తమ్ముడు లింకు పెట్టి వినండి అన్నాడంతే. దాని కింద సీనియర్ అన్నలు ముగ్గురు నలుగురు రాసిందంతా ఒకటే మాట. "ఎంజాయ్ ఎంజామి తర్వాత వీడి పాట ఎవడు విన్నాడు? పెద్దోళ్ళతో గొడవ పెట్టుకున్నాడు, కెరీర్ పాడు చేసుకున్నాడు. వచ్చిన అవకాశం పట్టుకొని నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఎక్కడుండేవాడో." ఇంకో అన్న ఇంకో అడుగు ముందుకేసి "అయినా అది జానపదం, జానపదం ఎవడి సొంతం కాదు" అన్నాడు.

మేము మీకంటే చిన్నోళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటిన మొదటి మనుషులం మేమే. అయినా ఈ మాటకు మాత్రం ఊరుకోలేం. ఎందుకంటే ఇది అరివు ఒక్కడి గురించి అన్న మాట కాదు.

ముందు అరివు ఎవరో తెలియనోళ్ళకు. ఊరు అరక్కోణం. రేణిగుంట మీదుగా చెన్నై పోయే రైళ్ళు ఆగే జంక్షన్ అదే. దర్శకుడు పా. రంజిత్ పూనుకొని పెట్టించిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బ్యాండు 2018 జనవరిలో చెన్నైలో మొదటి కచేరీ చేసింది. అందులో చెన్నై వాడల గానా పాటగాళ్ళున్నారు, ర్యాపర్లున్నారు. అరివు బయటికి తెలిసింది అక్కడే. 2019లో ఒఫ్రో అనే సంగీతకారుడితో కలిసి 'తెరుక్కురళ్' ఆల్బం చేశాడు. తిరుక్కురళ్ తెలుసు కదా, తమిళులు నెత్తిన పెట్టుకునే పుస్తకం. దాన్ని తెరు, అంటే వీధి, అని మార్చాడు. వీధి గొంతు. ఆ ఒక్క పేరులోనే సగం రాజకీయం ఉంది. తర్వాత సినిమాలు: 'మాస్టర్'లో వాతి రైడ్, 'సార్పట్ట పరంబరై'లో నీయే ఒళి. 2021 మార్చిలో ఎంజాయ్ ఎంజామి. సంతోష్ నారాయణన్ నిర్మాణం, ధీ, అరివు గొంతులు. మనలో తమిళం ఒక్క ముక్క రానోళ్ళు కూడా బస్సులో, పెళ్ళిలో, ఫ్రెషర్స్ పార్టీలో ఎగిరిన పాట.

ఆ పాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎగిరినోళ్ళలో ఎంతమందికి తెలుసు? అరివు వాళ్ళ అవ్వ వళ్ళియమ్మాళ్ శ్రీలంక తేయాకు తోటల్లో పని చేసిన మనిషి. తమిళనాడు నుంచి తెల్లదొరలు తోలుకుపోయిన కూలీలు ఆ కొండలన్నీ తోటలు చేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఆ దేశం పౌరసత్వ చట్టం తెచ్చి వాళ్ళలో చాలామందిని ఏ దేశం వాళ్ళూ కాకుండా చేసింది. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం చేసుకుని మనుషుల్ని లెక్కగట్టి పంచుకున్నారు. 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది శ్రీలంకకు, మిగిలిన లక్షా యాభై వేల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. సంతలో మేకల బేరం ఇంతకంటే నయం, మేకకైనా ఎవరు కొన్నారో తెలుస్తది. ఎంజామి అంటే 'ఎన్ సామి', నా సామీ. ఆ పాటలో చావు దగ్గర ఏడ్చే ఒప్పారి ఉంది. చెట్లు పెంచినోళ్ళకు నేల లేదన్న ఏడుపది. ఆ ముసలామె ఆ వీడియోలో కూడా ఉంటుంది. మీరు చూసే ఉంటారు, ఎవరో ఆర్టిస్టు అనుకుని ఉంటారు.

పాడేరు ఏజెన్సీ పిల్లలకు ఈ కథ విడమర్చి చెప్పాలా? మన పదకొండు మండలాల్లో కాఫీ తోటలున్నాయి. ఆ పండ్లు ఏరిన చేతులు ఎవరివో మన ఇంట్లో చూసుకోవచ్చు. తోటలో పాడిన పాటలు కూడా ఆ చేతులవాళ్ళవే.

ఇప్పుడు గొడవ దగ్గరకొద్దాం. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక అట్ట మీద ధీ, ఇంకో గాయకుడు షాన్ విన్సెంట్ డి పాల్ బొమ్మలు వేసింది. వాళ్ళను పొగడ్డానికి ఎత్తిచూపిన పాటలు ఎంజాయ్ ఎంజామి, నీయే ఒళి. రెండిటిలోనూ అరివు రాత ఉంది. అరివు మాత్రం అట్ట మీద లేడు. పా. రంజిత్ బహిరంగంగా అడిగాక పత్రిక అరివుకు విడిగా ఇంకో అట్ట వేసింది. డీజే స్నేక్ రీమిక్స్ వచ్చింది, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్లో దాని బోర్డు పెట్టారు. అక్కడా అరివు లేడు. 2022 జులైలో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభం, ప్రపంచమంతా చూస్తున్న వేదిక. పాట ఉంది, అరివు లేడు. అప్పుడు అతను ఇన్‌స్టాగ్రామ్‌లో రాసుకున్నాడు, ఈ పాట నా కష్టం, మా ముసలోళ్ళ చరిత్ర అని. సంతోష్ నారాయణన్ జవాబిచ్చాడు, ఇది ముగ్గురం కలిసి చేసిన పాట, హక్కులూ ఆదాయమూ ముగ్గురికీ సమానమే అని. ధీ కూడా అరివు పేరు తానెక్కడా తగ్గించలేదని చెప్పింది.

మాకు ధీ మీద కోపం లేదు. ఆ గొంతు లేకపోతే ఆ పాట లేదు. బాణీ, వాయిద్యం కూర్చినవాడి కష్టమూ చిన్నది కాదు. ముగ్గురి పాట అంటే ముగ్గురి పాటే, ఒప్పుకుంటాం. మేము అడిగేది ఇంకోటి. ఫోటోలో అందరికీ చోటు చాలనప్పుడు పక్కకు జరగమనేది ఎవర్ని? ఒకసారి జరిగితే పొరపాటు అనుకుందాం. అట్ట మీద, బోర్డు మీద, వేదిక మీద, మూడుసార్లూ తప్పిపోయింది ఒకే మనిషి అయితే, ఆ మనిషి దళితుల ఇంటి పిల్లోడైతే, దాన్ని పొరపాటు అనడానికి మాకు నోరు రాదు.

అన్నలు చెప్పినట్టు నోరు మూసుకుని ఉంటే డబ్బులైనా వచ్చేవా? 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ తానే వీడియో పెట్టి చెప్పాడు, మూడేళ్ళలో ఆ పాట మీద ముగ్గురికీ ఒక్క రూపాయి రాలేదని. పాట విడుదల చేసిన కంపెనీ తన వాదన తాను చెప్పుకుంది. కానీ పేరున్న సంగీత దర్శకుడే ఖాళీ చేతులు చూపించాడంటే, మౌనంగా ఉంటే లాభమన్న మీ లెక్క ఎక్కడ కుదిరింది? అరివు అడగబట్టే కదా ఈ పాట వెనక తోట ఉందని, తోట వెనక ముసలమ్మ ఉందని జనానికి తెలిసింది.

ఆ కొత్త ఆల్బం పేరు ఇంకోసారి చూడండి. వళ్ళియమ్మ పేరాండి అంటే వళ్ళియమ్మ మనవడు. తన బ్యాండును, తన పేరును ముందు పెట్టుకోలేదు. ముసలామె పేరు పెట్టాడు, తాను ఆమె మనవణ్ణని చెప్పుకున్నాడు. ఇక ఏ పోస్టరు వేసినా ఆమె పేరు కొట్టేసి వెయ్యడం కుదరదు. వ్యూసు తక్కువని ఎగతాళి చేసే అన్నలకు ఇదెందుకు కనపడలేదో మాకు అర్థం కాదు. ఎంజామి అంత ఊపు అన్ని పాటల్లో లేదు, నిజమే. ఉండాలని రాసిపెట్టి ఉందా ఏటి?

ఇక "జానపదం ఎవడి సొంతం కాదు" అన్న అన్నకు. 2021లోనే తెలుగులో 'సారంగ దరియా' వచ్చినప్పుడు, ఆ పాటను ముందే టీవీలో పాడిన అమ్మాయి నా సంగతేంటి అని అడిగితే అప్పుడూ ఇదే మాట వినిపించింది. సరే, ఎవడి సొంతం కాదనుకుందాం. మరి రికార్డింగు ఎవరి సొంతం? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది రికార్డు చేయించినవాడిది, 60 ఏళ్ళపాటు. పాట ఊరిది, రికార్డు మైకు పెట్టినోడిది. అందరిదీ అన్న మాట మైకు దగ్గర ఆగిపోద్ది.

మాతో ఉండే ఒక తమ్ముడి ఊళ్ళో జరిగింది చెప్తాం. ఇటుకల పండగకు ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు వచ్చారు. రెండు రోజులున్నారు, ముసలమ్మల చేత పాటలు పాడించుకున్నారు, టిఫిన్లు పెట్టారు, వెళ్ళిపోయారు. వీడియోలో సేకరణ అని ఒకాయన పేరు, సంగీతం అని ఇంకొకాయన పేరు. పాడినోళ్ళ దగ్గర "గిరిజన మహిళలు" అని ఉంది. అంతే. ఏడాది తర్వాత తమ్ముడు వాళ్ళ అమ్మమ్మ ఇంటి అరుగు మీద అదే పాట పాడుతుంటే ఫోనులో తీసి పెట్టాడు. మూడో రోజుకు కాపీరైట్ క్లెయిము వచ్చింది. తన నోటి పాట తాను పాడినందుకు ఆ ముసలామె దొంగ అయింది. వాడు అభ్యంతరం పెట్టాడు. ఆధారం చూపించమన్నారు. అమ్మమ్మను స్కాన్ చేసి పెట్టమంటారా?

2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చిందని ఈ గ్రూపులోనే పండగ చేసుకున్నాం కదా. గింజ ఎక్కడ పండిందో ఆ నేల పేరు చెప్పి అమ్మాలి, ఇంకెవడూ ఆ పేరు వాడుకోకూడదు. గింజకు ఊరు పేరు ఉండాలట. ఆ గింజ ఏరుతూ పాడిన పాటకు మాత్రం ఊరూ ఉండక్కర్లేదు, పేరూ ఉండక్కర్లేదు, "ట్రెడిషనల్" అని రాస్తే సరిపోద్దట.

చట్టంలో మనకు అసలేమీ లేదని కాదు. పాడినోళ్ళకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కుంది. 2012 సవరణతో తమ పేరు చెప్పమని అడిగే హక్కు కూడా వచ్చింది. మన ముసలోళ్ళకు ఈ సంగతి చెప్పినోడు లేడు. చదువుకున్న మనమే "నోరు మూసుకుని ఉండు" అని నేర్పితే ఇంకెవడు చెప్తాడు?

అందుకే ఆగస్టు 9కి మా హాస్టల్ వాళ్ళం ఒక మాట అనుకున్నాం. ప్రతి ఏడాదీ ఆదివాసీ దినోత్సవానికి ధింసా కావాలంటారు. ఆడపిల్లలు రెండు గంటలు ఎండలో గేటు దగ్గర నిలబడతారు, అతిథి కారు దిగగానే ఆడతారు, అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్, ఐపోయింది. మైకులో "మన గిరిజన విద్యార్థినులు" అంటారు. ఈసారి ఆడే ప్రతి మనిషి పేరు, ఊరు మైకులో చదవాలి. మోరి ఊదే తాతను, కిరిడి, తుడుము వాయించేవాళ్ళను ఊరి నుంచి పిలిపిస్తే బస్సు చార్జీతో పాటు రోజు కూలి ఇవ్వాలి. వీడియో తీసేవాళ్ళు పేర్లు వేస్తామని కాగితం మీద సంతకం పెట్టాలి. ఒప్పుకోకపోతే గేటు దగ్గర ధింసా ఉండదు, పూలదండ వేసుకుని లోపలికి పోవచ్చు. వార్డెన్ గారికి ఈ మాట చెప్పాం. ఆయన "చూద్దాం" అన్నారు.

ఇంకోటి. దసరా సెలవులకు ఊళ్ళకు పోయేవాళ్ళు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. పాట మొదటి మాట, పాడినామె పేరు, ఊరు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పనిలో, ఏ పండగలో పాడతారో రాయండి. ఫోనులో తీస్తే ముందు ఆమె చేత తన పేరు చెప్పించి తర్వాత పాట తియ్యండి. ఇప్పటికి మా దగ్గర పద్నాలుగు పేర్లున్నాయి. మొదటి పేరు క్లెయిము పడ్డ ఆ అమ్మమ్మది.