ఒక కిడ్నీ తీసివేస్తే

మూత్రపిండానికి మా పండితులు వాడే మాట వృక్కం. మాంసం కొట్టులో అదే గుర్దా. ఆపరేషను గది ముందు బెంచీమీద కూర్చున్నవారికి మాత్రం అది కిడ్నీయే. దాన్ని తీసివేయాలని డాక్టరు అనగానే, మనిషి సగమైపోయాడన్న దిగులు ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది.

నార్కట్‌పల్లిలో 1999లో కామినేని వైద్య కళాశాల వెలసిన తరువాత, చెరువుగట్టు రామలింగేశ్వరుని దర్శనానికి వచ్చే బస్సుల్లోనే ఆసుపత్రికి పోయేవారూ కనిపిస్తున్నారు. నా పూర్వ విద్యార్థి ఒకడు తండ్రిని చూపించుకోవడానికి అలాగే వచ్చాడు. రాయి అడ్డుపడి, ఏళ్ళ తరబడి మూత్రం నిలిచి, పెద్దాయన ఎడమ కిడ్నీ పనిచేయడం మానేసింది. చీము కూడా పట్టింది. ఆయన నన్ను చాటుకు పిలిచి అడిగిన సంగతులు రెండే. "ఒక్కదానితోని ఎవుసం చేయొస్తదా సారూ? తీసింది ఎవ్వలకన్న అమ్ముకుంటరా?"

రెండవదాన్ని నవ్వి తోసివేయకూడదు. కిడ్నీల అమ్మకాలు జరిగాయి కాబట్టే 1994లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. అయితే చెడిన కిడ్నీ ఎవరికీ పనికిరాదు. దాన్ని పరీక్షకు లాబొరేటరీకి పంపుతారు. ఆ రిపోర్టు అడిగి తీసుకోండి. అడగడం మీ హక్కు. సంతకం పెట్టే కాగితంలో ఏ వైపు కిడ్నీ అని రాశారో కూడా చదివించుకోండి.

మొదటి ప్రశ్నకు జవాబు చరిత్రలో వున్నది. 1869లో హైడెల్బర్గులో గుస్తావ్ సైమన్ అనే జర్మను వైద్యుడు ముందు కుక్కలమీద ప్రయోగం చేసి, ఒక కిడ్నీతో అవి బతుకుతాయని తేల్చుకున్నాకే ఒక స్త్రీకి ఈ ఆపరేషను చేశాడు. ఆమె బతికింది. 1954లో బోస్టనులో రొనాల్డ్ హెరిక్ తన కవల సోదరునికి ఒక కిడ్నీ ఇచ్చాడు. ఆ తరువాత 56 ఏళ్ళు బతికి 2010లో మరణించాడు. ఆయన చేసిన పనులేమిటనుకున్నారు? బడిలో లెక్కలు చెప్పడం, ఇంటి దగ్గర వ్యవసాయం!

కాని హెరిక్ ఆరోగ్యవంతుడు. మన రోగికి మిగిలే కిడ్నీ ఎలా వున్నదో ముందు తెలియాలి. అందుకే రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. ఏ కిడ్నీ ఎంత పని చేస్తున్నదో స్కానింగుతో విడివిడిగా కొలుస్తారు. ఈ పరీక్షలకు పట్టే రోజులను దండుగ అనుకోవద్దు.

కేన్సరు గడ్డ చిన్నదైతే కొన్నిసార్లు గడ్డవరకే కోసి, మిగతా కిడ్నీని నిలుపుతారు. ఆ అవకాశం వున్నదా అని తప్పక అడగండి.

ఆపరేషను పూర్తి మత్తులో జరుగుతుంది. సాధారణంగా రెండు మూడు గంటలు, చీముపట్టి అతుక్కుపోయినదైతే ఇంకా ఎక్కువ. వీలైనచోట చిన్న రంధ్రాలలోంచి, లేకపోతే పక్కటెముకల కింద పెద్ద కోతతో తీస్తారు. రంధ్రాలతో మొదలుపెట్టి, రక్తస్రావం వల్లనో మరో చిక్కువల్లనో మధ్యలో కోతకు మారవలసి రావచ్చు.

మెలకువ వచ్చేసరికి మూత్రానికి గొట్టం, తరచు పక్కన మరో గొట్టం వుంటాయి. రంధ్రాల పద్ధతిలో పొట్టలోకి గాలి నింపుతారు కనుక భుజం నొప్పి పుడుతుంది. కడుపులో ఆపరేషనైతే భుజానికేమిటని గాభరా పడనక్కరలేదు. రెండు రోజుల్లో పోతుంది. మరునాడే నడిపిస్తారు. "పచ్చి గాయంతో నడకేమిటి" అని అత్తలూ పిన్నులూ అడ్డుపడతారు గాని, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నడకే. ఊపిరి గట్టిగా పీల్చమనేది కఫం చేరకుండా. దగ్గేటప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. జ్వరం, కాలి వాపు, గాయంనుంచి చీము, మూత్రం తగ్గడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మిగిలిన కిడ్నీ కొన్ని నెలల్లో కొంత పెరిగి అదనపు పని ఎత్తుకుంటుంది. రెండింటి పని పూర్తిగా చేయదు గాని, ఆరోగ్యంగా వుంటే బతుకుకు అది చాలు. దానికి పెద్ద శత్రువు మందుల షాపులో చీటీ లేకుండా దొరికే ఒళ్ళునొప్పుల బిళ్ళ. పొలం పనివారికి అది అలవాటు, మానాలి. రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ ఏటా చూపించుకోవాలి. ఉప్పు తగ్గించాలి.

పెద్దాయనకు డాక్టరు చెప్పినది ఆరువారాలు బరువెత్తవద్దని. మోటారు స్విచ్చి వేయవచ్చునా అని అడిగితే, వేయవచ్చు గాని యూరియా బస్తా కొడుకుచేత మోయించమన్నారు.