సంతకం ఒకరిది, రాత ఇంకొకరిది



అమెరికా వలసల మీద వార్త వచ్చినప్పుడల్లా మన గ్రూపుల్లో ట్రంప్ ఫోటోనే తిరుగుతుంది. తిట్టేవాళ్లు ఆయన్నే తిడతారు, మెచ్చుకునేవాళ్లు ఆయన్నే మెచ్చుకుంటారు. వెనకాల ఉండే స్టీఫెన్ మిల్లర్‌ని ఎవరూ పట్టించుకోరు. ఈ రోజు ఆయన గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే ఆయన చెయ్యి పడ్డ విధానాల కింద నలిగినవాళ్లలో మనలాంటి ఆదివాసీలు చాలామంది ఉన్నారు.

మిల్లర్ పుట్టింది 1985లో, కాలిఫోర్నియాలో. ప్రజల ఓటుతో ఏ పదవీ గెలవలేదు. అలబామా సెనేటర్ జెఫ్ సెషన్స్ దగ్గర పనిచేస్తూ, 2013లో సెనేట్‌లో 68 ఓట్లతో గెలిచిన వలస సంస్కరణ బిల్లు ముందుకు పోకుండా చేయడానికి పట్టుబట్టి ప్రచారం చేశాడు. బిల్లు దిగువ సభలో చచ్చిపోయింది. 2017లో వైట్‌హౌస్‌లో సీనియర్ సలహాదారు అయ్యాడు. మంత్రి కావాలంటే సెనేట్ ఆమోదించాలి, ప్రశ్నలు ఎదుర్కోవాలి. సలహాదారుకి ఆ బాధ లేదు. అధ్యక్షుడు రమ్మంటే చాలు.

మొదటి వారం తిరిగేసరికి, జనవరి 27న, ఏడు ముస్లిం దేశాలవాళ్లు రాకుండా ఉత్తర్వు వచ్చింది. దాని తయారీలో మిల్లర్ ఉన్నాడు. విమానాశ్రయాల్లో మనుషులు ఇరుక్కుపోయారు. ఆ గోల టీవీల్లో అందరం చూశాం. నాకు మాత్రం అంతకంటే భయం వేసేది చప్పుడు లేకుండా జరిగిన ఇంకో పని.

1980 నాటి శరణార్థుల చట్టం ప్రకారం, ఏటా ఎంతమంది శరణార్థుల్ని తీసుకోవాలో అధ్యక్షుడే గరిష్ఠ సంఖ్య పెడతాడు. కాంగ్రెస్‌ని సంప్రదించాలి, కానీ ఓటింగ్ ఉండదు. అంటే ఒక కాగితం మీద ఒక అంకె, అంతే. ఒబామా 2017 ఆర్థిక సంవత్సరానికి పెట్టి వెళ్లింది 1,10,000. దాన్ని 50,000కి కోశారు. తర్వాత 45,000. తర్వాత 30,000. తర్వాత 18,000. చివరికి 15,000. ఏ చట్టమూ మారలేదు, సభలో ఏ చేయీ లేవలేదు. శరణార్థుల వల్ల పదేళ్లలో ప్రభుత్వానికి ఖర్చు కంటే 63 బిలియన్ డాలర్లు ఎక్కువే వచ్చాయని వాళ్ల సొంత ఆరోగ్య శాఖ ముసాయిదా నివేదిక రాస్తే, దాన్ని పక్కన పడేశారు. ఈ కోతల కోసం లోపల గట్టిగా ఒత్తిడి చేసింది మిల్లర్ అని అక్కడి పత్రికలన్నీ రాశాయి.

"అధ్యక్షుడికి ఇష్టం లేకుండా సలహాదారు ఏం చేస్తాడు?" అని మీరు అడగొచ్చు. నిజమే, ఇష్టం అధ్యక్షుడిదే. కానీ సభలో అరిచిన నినాదం దానంతటది ఉత్తర్వు కాదు. ఏ చట్టంలో ఏ సెక్షన్ వాడాలో తెలిసినవాడు ఒకడు కావాలి. 1944 నాటి ప్రజారోగ్య చట్టంలో ఒక మూల పడి ఉన్న అధికారాన్ని 2020 మార్చిలో కోవిడ్ పేరుతో బయటికి తీసి, ఆశ్రయం అడిగేవాళ్లను విచారణ లేకుండా సరిహద్దు నుంచి వెనక్కి నెట్టారు. దాన్నే టైటిల్ 42 అంటారు. కోవిడ్ రాకముందు నుంచే మిల్లర్ ఆరోగ్య చట్టాలను అలా వాడాలని చూస్తున్నాడని వార్తలొచ్చాయి. 2021లో మిల్లర్ ఇంటికి పోయాడు, కాగితం మాత్రం పోలేదు. బైడెన్ ప్రభుత్వం కూడా దాన్ని 2023 మే దాకా వాడుకుంది. మొత్తం 25 లక్షలకు పైగా సార్లు మనుషుల్ని అలా నెట్టేశారు, అందులో ఎక్కువ భాగం బైడెన్ కాలంలోనే.

ఇప్పుడు మన మనుషుల దగ్గరికి వద్దాం.

2018లో జీరో టాలరెన్స్ అని పెట్టి సరిహద్దు దాటిన తల్లిదండ్రులను జైలుకి, పిల్లల్ని వేరే చోటికి పంపారు. అదొక తేలికైన నిర్ణయం అని మిల్లర్ న్యూయార్క్ టైమ్స్‌తో అన్నాడు. ఆ నాలుగేళ్లలో విడదీసిన పిల్లలు 5,000కు పైనే. చాలా కుటుంబాలు గ్వాటెమాలావి, వాళ్లలో ఎందరో మాయా ఆదివాసీలు. ఇళ్లలో మామ్, కిచే, కెక్చీ భాషలు మాట్లాడతారు. స్పానిష్ సగం సగం వస్తుంది, ఇంగ్లీషు అసలే రాదు.

అదే ఏడాది డిసెంబర్‌లో ఏడేళ్ల కెక్చీ పాప సరిహద్దు పోలీసుల అదుపులో ఉండగా జబ్బుపడి చనిపోయింది. ఆ మరణాన్ని ఒక్క సలహాదారు మెడకి చుట్టను. కానీ పాప ఆరోగ్యం బాగానే ఉందని తండ్రి చేత సంతకం పెట్టించుకున్న ఫారం ఇంగ్లీషులో ఉంది. స్పానిష్‌లో చదివి చెప్పామన్నారు అధికారులు. ఆయన మాతృభాష కెక్చీ. ఇంట్లో కోయ మాట్లాడే మన తాతల చేత ఎవరో తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న కథలు మీ ఊళ్లో లేవా?

ఇది కొత్త జబ్బు కాదు. 1924లో అమెరికా వలసల చట్టం తెచ్చింది. దక్షిణ, తూర్పు యూరప్ వాళ్లకు తలుపు బాగా మూసింది, ఆసియావాళ్లకు దాదాపు పూర్తిగా మూసింది. దానికి లెక్కలు అందించింది హ్యారీ లాఫ్లిన్. జాతి శుద్ధి సిద్ధాంతాన్ని నమ్మిన మనిషి. ఆయన్నీ ఎవరూ ఎన్నుకోలేదు. సభా కమిటీ "నిపుణుడు" అని కూర్చోబెట్టుకుంది. మే నెలాఖరులో అధ్యక్షుడు కూలిడ్జ్ దాని మీద సంతకం పెట్టాడు. అదే చేత్తో జూన్ 2న, ఆ నేల సొంత బిడ్డలైన ఆదివాసీలకు పౌరసత్వం ఇచ్చే చట్టం మీదా పెట్టాడు. వాళ్ల నేల మీద వాళ్లకే పౌరసత్వం ఇవ్వడం ఏందో! అరిజోనా, న్యూ మెక్సికోల్లో వాళ్లకు ఓటు 1948 దాకా దక్కలేదు. ఇక 2019లో బయటపడ్డ మిల్లర్ ఈమెయిల్స్‌లో ఆ 1924 చట్టం మీద మెచ్చుకోలు కనిపించింది. ఆయన తల్లివైపు పెద్దలు యూదుల మీద దాడుల నుంచి తప్పించుకుని 1903లో అమెరికా చేరినవాళ్లు. మేనల్లుడి విధానాలు అప్పుడే ఉంటే మా కుటుంబం మిగిలేది కాదని సొంత మేనమామే 2018లో రాశాడు.

2025లో మిల్లర్ ఇంకా పెద్ద కుర్చీలోకి తిరిగొచ్చాడు. 2026 ఆర్థిక సంవత్సరానికి శరణార్థుల అంకె 7,500 అని 2025లో ప్రకటించారు. అందులో ఎక్కువ దక్షిణాఫ్రికా తెల్లవాళ్లకే. మన తెలుగు ఛానళ్లకు మాత్రం హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్న రోజునే ఈ మనిషి ఉన్నాడని తెలిసింది.

ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాటేయను. "మీరూ 1/70 చట్టం పట్టుకుని గిరిజనేతరులు వద్దంటారు కదా, మిల్లర్‌కీ మీకూ తేడా ఏంటి?" అని నన్ను కాలేజీలో అడిగారు. 1/70 మన భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా ఆపుతుంది. ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చినవాణ్ని వెనక్కి నెట్టమని అందులో ఎక్కడా లేదు. తేడా అక్కడుంది.

కానీ గుత్తికోయల సంగతి వచ్చేసరికి మనలో కొందరి గొంతు మారుతోంది. సల్వాజుడుం హింసకి ఛత్తీస్‌గఢ్ వదిలి గోదావరి అడవుల్లోకి వచ్చినవాళ్లు వాళ్లు. మన భాషకి దగ్గరి భాష, మన వేల్పులకి దగ్గరి వేల్పులు. "వాళ్ల వల్లే అడవి పోతోంది, పంపించేయాలి" అని మన యువకులే పోస్టులు పెడుతున్నారు. రేపు మీ ఊరి గ్రామసభలో వాళ్లను వెళ్లగొట్టాలని తీర్మానం వస్తే, చెయ్యి ఎత్తే ముందు లేచి ఒక్క మాట అడగండి: ఈ కాగితం మన ఊళ్లో ఎవరు రాశారు? రాసి తెచ్చింది బయటివాళ్లైతే, వాళ్లు ఎవరు, మన అడవితో వాళ్లకేం పని?