సెలవులలో తెలుగు పుస్తకం

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో షోలాపురం నుంచి ఒక సోదరి వ్రాసినది వున్నది. వారిది మగ్గాల కుటుంబం. ముత్తాతల నాడు తెలంగాణా పల్లెలు విడిచి అక్కడ స్థిరపడ్డారు. "మా పిల్లలిద్దరూ ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. బడిలో మరాఠీ, ఇంగ్లీషు. మొన్న మా అత్తగారు ఒక శుభలేఖ ఇచ్చి చదవమంటే పెద్దవాడు దాన్ని అటూ యిటూ తిప్పి, 'నాయనమ్మా, దీన్ని ఏ వైపునుంచి పట్టుకోవాలె?' అన్నాడు. అందరం నవ్వాము. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఈ సెలవుల్లో ఏమన్నా చెయ్యడానికి వీలున్నదా?" అని ఆమె అడిగారు.

ఆ పెద్దావిడ ఎందుకు నవ్వలేదో మాకు తెలుసు. మా యింట్లోనూ ఒక ట్రంకు పెట్టె వున్నది. అందులో మా తాతగారు పొలం గురించి తమ్ముడికి వ్రాసిన ఉత్తరాలు, మా నాయనమ్మ చేతివ్రాతతో పెళ్ళిపాటల పుస్తకం, ఊరగాయల కొలతల కాగితాలు వున్నవి. ఇంట్లో వాటిని చదవగలిగినవారు యిప్పుడు ఇద్దరే. ఇద్దరూ అరవై దాటినవారే. మాట నోట వున్నంత కాలం భాషకేమి లోటు అని మనం ధైర్యంగా వుంటాము. ఆ పెట్టె తెరిచినప్పుడు మాత్రం ఆ ధైర్యం కొంచెం సడలుతుంది.

బడి సంగతి యిక్కడ వాదించబోము. 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350-ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాటు చెయ్యమన్నది. కాగితం మీది మాట అది. తమిళనాట 2006లో వచ్చిన చట్టం ఒకటవ తరగతినుంచి తమిళాన్ని తప్పనిసరి చేసి, ఏటా ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ 2016 నాటి పదవ తరగతి పరీక్షకు చేరింది. మినహాయింపు కోసం మనవారు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఇరుగుపొరుగు భాష నేర్చుకోవద్దని ఎవరూ అనరు. అది అన్నం పెట్టే భాష. కాని బడి గంటల్లో తెలుగుకు చోటు చిక్కనప్పుడు మన చేతిలో మిగిలేవి సెలవులే. కర్ణాటకంలో ఏప్రిల్ రెండవ వారానికే బళ్ళు మూస్తారు. షోలాపురంలో మళ్ళీ తెరిచేసరికి జూన్ నడిమికి వస్తుంది. ఎక్కడ చూసినా ఆరేడు వారాలకు తక్కువ లేదు.

అక్షరాలు నేర్పడానికి ఆ వ్యవధి చాలునా అంటే, పిల్ల యే బడిలో చదువుతున్నదో చూడాలి. బళ్ళారిలోనో బెంగుళూరులోనో కన్నడం చదివే పిల్లకు తెలుగు అక్షరం కొత్త కాదు, పినతల్లి ముఖం వంటిది. తలకట్టు తేడా, కొద్ది అక్షరాల పోలిక చూపిస్తే తక్కినది తానే అల్లుకుపోతుంది. బరంపురంలో ఒడియా చదివినవానికి గుండ్రని వ్రాత, కింద వచ్చే ఒత్తులు అలవాటే. అతనికి చిక్కల్లా ఎ-ఏ, ఒ-ఓ ల దగ్గర. ఒడియాలోను మరాఠీలోను ఈ హ్రస్వదీర్ఘాలకు వేరువేరు అక్షరాలు లేవు. కనుక ఆ పిల్లలు 'కొడి' అనీ 'కోడి' అనీ తడబడితే కసరకండి, వారి తప్పు కాదు. మరాఠీ చదివేవారికి ఒక లాభం వున్నది. మనం చాప, జాము అనేటప్పుడు పలికే మెత్తని చకార జకారాలు వారి నోట పుట్టుకతోనే వున్నవి. తమిళం చదివిన పిల్లకు దీర్ఘాల బాధ లేదు గాని, అక్కడ క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఒత్తులకు బదులు చుక్క. అందుచేత ఆ పిల్లకు ముందు గ, డ, ద, బ చూపించి, ఒత్తులు చివరకు పెట్టుకోవాలి. వత్తక్షరాలకు తొందర లేదు. 'ఘటము' చదవకపోయినా కథ నడుస్తుంది. యానాం వారికి మేము చెప్పగలిగింది తక్కువ. అక్కడ వీధి బోర్డులే తెలుగు వాచకం.

ఇంత తెలిసీ నిరుడు మేమే ఒక పొరపాటు చేశాము. సంఘం గదిలో వేసవి తరగతి పెట్టాము. చాపలు పరిచాము, నల్లబల్ల తెచ్చాము, పొద్దున ఎనిమిదింటికల్లా రమ్మన్నాము. మొదటిరోజు 22 మంది వచ్చారు. అఆలు పదేసిసార్లు దిద్దించాము, శతకపద్యాలు వల్లెవేయించాము. రెండవ వారానికి ఏడుగురు మిగిలారు. ఆ ఏడుగురిలో ముగ్గురు కార్యవర్గం వారి పిల్లలు, వారికి తప్పించుకునే దారి లేదు. ఒక చిన్నది మాలో ఒకరిని పట్టుకుని, "సెలవులంటే సెలవులు గదా తాతా!" అని అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాము.

ఆ గది మూల బీరువాలో పాత 'చందమామ'ల కట్ట వున్నది. మరునాడు ఆ చిన్నదే బొమ్మల కోసం దాన్ని లాగింది. శవాన్ని భుజాన వేసుకున్న రాజు బొమ్మ చుట్టూ పిల్లలు చేరారు. "ఈ బేతాళుడు ఏమంటున్నాడు తాతా?" అన్నారు. సగం చదివి వినిపించాము. అంతలో వర్షం చినుకులు పడితే గది తాళం వేసి అందరం ఇళ్ళకు పోయాము. తెల్లవారి, మేము పిలవకుండానే, పదిమంది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, రాజు ఏమని జవాబు చెప్పాడో కావాలట. మాకు అప్పటికి బుద్ధి వచ్చింది. నల్లబల్ల తిరిగి యిచ్చేశాము. రోజూ ఒక కథ మొదలుపెట్టి, పట్టు మీద వున్నచోట ఆపడం మొదలుపెట్టాము. నాలుగోరోజు ఒక పిల్లవాడు మా కోసం ఆగలేక, వేలు పెట్టుకుని, గుణింతాలు కూడబలుక్కుంటూ తానే నాలుగు పంక్తులు లాక్కుపోయాడు. అందులో సగం తప్పులు. మేము దిద్దలేదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో పేద పిల్లలకు మూడు వేసవులపాటు ఏటా 12 పుస్తకాల చొప్పున ఇచ్చి చూశారు. 2010లో ప్రకటించిన ఫలితం ప్రకారం, పుస్తకాలు అందని పిల్లలకన్న వారు చదువులో ముందున్నారు. ఆ పుస్తకాలను ఎంచుకున్నది పిల్లలే, పెద్దలు కాదు. ఈ సంగతి మాకు ముందే తెలిసివుంటే చాపల ఖర్చు మిగిలేది.

'చందమామ' 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో ఒక్కసారే పుట్టింది. 2013 నాటికి ఆగిపోయింది. పాత సంచికలు ఇంటర్నెట్టులో దొరుకుతున్నవి. నేషనల్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' వారు చిన్నపిల్లలకు పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్'లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. కాస్త పెద్ద పిల్లలకు ముళ్ళపూడి వెంకటరమణగారి 'బుడుగు' ఇవ్వండి. మాట్లాడినట్టే వుంటుంది గనుక భయం వుండదు.

భయమని ఎందుకన్నామంటే, మన పిల్లలకు పుస్తకం చూస్తే కలిగే పెద్ద అనుమానం అదే: "ఇది మన తెలుగు కాదు." తరతరాల క్రితం వలస వచ్చిన ఇళ్ళలో మాట వేరు, యాస వేరు. పుస్తకంలో మాట కోస్తా వాసన వేస్తుంది. అటువంటప్పుడు ఇంటి మాటను వెక్కిరించడం పాపం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వుండి, సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు వ్రాసిన గిడుగు రామమూర్తిగారు, నోటి మాటకు పుస్తకంలో చోటు కోసం జీవితమంతా పోరాడారు. ఆయన నడిచిన పర్లాకిమిడి 1936నుంచి ఒడిశాలో వున్నది. పిల్ల "అమ్మమ్మ మాట" అని ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఇంట్లో వినబడి పుస్తకంలో కనబడని మాటలు వ్రాసుకోవచ్చు. చదువూ వ్రాతా రెండూ వస్తాయి.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో, తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ 2021లో కన్నుమూశారు. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చిన వైనాన్ని ఆయన 'గోపల్ల గ్రామం' నవలగా 1976లో వ్రాశారు. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రెండూ తమిళంలోనే. ఆయన గొప్పతనానికి అందులో తక్కువేమీ లేదు. అయినా మన కథను మనం మరొక లిపిలో చదువుకుంటున్నామని తలచుకుంటే ఎక్కడో చివుక్కుమంటుంది.

ఇంటి పనులలోనే చదువుకు చోటు వున్నది. ఇది ఊరగాయల కాలం. నాయనమ్మ కాయలు కోస్తుంటే కొలతల కాగితం పిల్లచేత చదివించండి. ఉప్పు తప్పు చదివితే ఊరగాయ చెడుతుంది గనుక శ్రద్ధగానే చదువుతుంది. ఊళ్ళోని మేనమామకు సెల్ ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు మాన్పించి, తెలుగు కీబోర్డు పెట్టి ఇవ్వండి. ఆయన కూడా తెలుగులోనే జవాబివ్వాలని ముందుగా చెప్పి వుంచండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆపైన మామిడి చెట్టు కిందికి పోనివ్వండి.

షోలాపురం సోదరికి మూడు బొమ్మల పుస్తకాలు పంపాము. ఒక షరతు పెట్టాము: పిల్లవానికి చదివి వినిపించవలసింది అమ్మ కాదు, నాయనమ్మగారు. కథ సగంలో ఆపమని ఆవిడకు విడిగా ఒక చీటీ కూడా వ్రాశాము. బడి తెరిచాక సంగతి వ్రాయమన్నాము. ఆ ఉత్తరం మాత్రం పిల్లవాని చేతనే వ్రాయించమన్నాము, తప్పులున్నా సరే.