గొంతు వినాలా, అక్షరాలు చదవాలా?

పిల్లలూ! టెలిఫోను మోగినప్పుడు ఎత్తడానికి ఎవరూ లేకపోతే ఏమవుతుంది? మన దేశంలో అయితే 'మిస్డ్ కాల్' పడుతుంది. తర్వాత మనమే తిరిగి ఫోను చేస్తాం. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ఫోను చేసినవారు తాము చెప్పదలచుకున్నది చెప్పి పెట్టేస్తారు. ఆ మాటలు ఫోను కంపెనీ కంప్యూటరులో నిలవ ఉంటాయి. దీన్నే వాయిస్ మెయిల్ అంటారు.

గొంతును దాచి ఉంచాలనే ఆలోచన పాతదే. డెన్మార్కుకు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ 1898లోనే ఉక్కు తీగ మీద అయస్కాంత శక్తితో మాటలను నిలిపి, మళ్ళీ వినిపించే యంత్రాన్ని తయారుచేశాడు.

అయితే వాయిస్ మెయిల్‌తో ఒక చిక్కు ఉంది. పది సందేశాలు వస్తే ఒక్కొక్కటే వినాలి. ఉత్తరంలోలాగా కావలసిన ముక్కను కంటితో వెదికి పట్టుకోలేం. అందుకే మాటలను అక్షరాలుగా మార్చి పంపే సేవలు వచ్చాయి. 2009లో గూగుల్ సంస్థ అమెరికాలో ప్రారంభించిన 'గూగుల్ వాయిస్' అటువంటిదే. మనం ఫోను ఎత్తకపోయినా, వేరే కాల్‌లో ఉన్నా, సిగ్నల్ అందకపోయినా వచ్చిన కాల్‌ను ఫలానా నంబరుకు మళ్ళించమని కంపెనీకి ముందే చెప్పి ఉంచవచ్చు. అలా మళ్ళించిన చోట కంప్యూటరు సందేశం విని, రాసి, మనకు పంపుతుంది. చెవులు వినపడనివారికి ఇది ఎంత మేలో ఆలోచించండి!

మరి కంపెనీవారి పాత వాయిస్ మెయిల్ మానేసి దీన్ని పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చుననే నా అభిప్రాయం. కాని అక్షరాలు చేతికి వచ్చాయి కదా అని గొంతును పారేయకూడదు. ఎందుకో చూద్దాం.

మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ధ్వనులను వినగలదు. పాతకాలం నుంచి వస్తున్న టెలిఫోను పద్ధతి 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు మాత్రమే మోసుకొస్తుంది. 'స', 'ఫ' వంటి ఊదుడు శబ్దాల బలమంతా చాలావరకు అంతకు పైనే ఉంటుంది. అందుకే టెలిఫోనులో ఆంగ్లంలో 'సెయిల్' అంటే 'ఫెయిల్' అని వినిపించవచ్చు. పేరు చెప్పేటప్పుడు పెద్దవాళ్ళు 'ఎస్ ఫర్ స్కూల్, ఎఫ్ ఫర్ ఫాదర్' అని విడమరచి చెప్పడం మీరు వినే ఉంటారు.

ఇలా సగం చిక్కిపోయిన ధ్వనిని కంప్యూటరు సెకనులో వందో వంతు చొప్పున ముక్కలు చేసి, ఏ శబ్దమో అంచనా వేస్తుంది. స్పష్టంగా తెలియని చోట, ముందు వెనుక మాటలను బట్టి ఏ పదం ఉండే అవకాశం ఎక్కువో లెక్కకట్టి, ఆ పదం రాసేస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. చేతిరాతలో సిరా అలికిపోతే అలికినట్టు కనబడుతుంది. యంత్రం చేసిన తప్పు మాత్రం చక్కని అక్షరాలలో ఒప్పులాగే కనబడుతుంది. డాక్టరుగారు మందు 'ఫిఫ్టీన్' మిల్లీగ్రాములని చెబితే 'ఫిఫ్టీ' అని పడిందనుకోండి! 15కూ 50కీ ఎంత తేడా!

2015లో కొత్త పద్ధతి ప్రవేశపెట్టి తప్పులను 49 శాతం తగ్గించామని గూగుల్ ప్రకటించింది. గొప్ప విషయమే. కాని సగం తగ్గాయంటే, మిగతా సగం ఉన్నాయనే కదా అర్థం! ఇక అమెరికాలో ఉన్న మనవడికి అమ్మమ్మ తెలుగులో సందేశం పెడితే, ఆంగ్లం మాత్రమే నేర్చిన యంత్రం ఆ మాటలను ఏవో ఆంగ్లపదాలుగా అల్లేస్తుంది. ఆమె గొంతులోని ఆదుర్దా అసలే అక్షరాలకు ఎక్కదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. సందేశం మీకోసం పెట్టినది. దాన్ని మూడోవారి కంప్యూటరు వింటున్నదని చెప్పినవారికి తెలియదు. ఒక్కోసారి కంప్యూటరే కాదు, మనుషులే వినవచ్చు! బ్రిటన్‌లోని 'స్పిన్‌వాక్స్' అనే సేవలో కొన్ని సందేశాలను ఉద్యోగులు విని టైపు చేస్తున్నారని 2009లో బయటపడింది. 2023 నుంచి కొన్ని ఐఫోన్లు ఈ పనిని ఫోనులోపలే చేసుకుంటున్నాయి. ఇది మంచి దారి. బయటి సేవను వాడేవారు మాత్రం 'మీ మాటలను కంప్యూటరు రాసి పంపుతుంది' అని పలకరింపులోనే చెప్పడం మర్యాద.

మీరే ఒక పరీక్ష చేయండి. స్నేహితుణ్ణి మూసిన తలుపు అవతల నిలబెట్టి 'ఇరవై, అరవై, ఆరు, నూరు' వంటి అంకెలను వరుస మార్చి చదవమనండి. మీరు విన్నది రాసి, తర్వాత సరిచూసుకోండి. ఎన్ని తప్పాయి? ఆ తప్పిన అంకెలు కాగితం మీద ఎంత నిజంగా కనబడుతున్నాయో గమనించండి. అందుకే అంకెలు, పేర్లు, మందులు, వేళలు ఉన్న సందేశాన్ని చదివి ఊరుకోవద్దు. ఒక్కసారి చెవితో కూడా వినండి.