తీరిక వేళ: రాత్రి షిఫ్టు దీపాలు

పాత చీరలతో బొంత కుట్టడం ఎలాగో ఈ వారం చెబుతానని ఎదురు చూస్తున్నవారు నన్ను మన్నించాలి. బొంత వచ్చే వారానికి వాయిదా. ఈసారి ఫొటోల సంగతి. అదీ రాత్రిపూట, అదీ ఫ్యాక్టరీల ఫొటోలు! "ఇదేం సరదా తల్లీ, పూలూ పిల్లలూ దొరకలేదా?" అని మీరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. మా అత్తగారూ అదే అన్నారు.

మాది విశాఖపట్నంలో గాజువాక వైపు. మేడ మీద బట్టలు ఆరేసే చోట నిలబడితే దూరంగా పొగగొట్టాలు, వాటి వెంబడి దీపాల వరసలు కనిపిస్తాయి. మావారి ఉద్యోగం అక్కడే ఒక ఫ్యాక్టరీలో. రాత్రి షిఫ్టు వారం వచ్చిందంటే ఆయన క్యారియరు పట్టుకుని వెళ్తారు, నేను వంటిల్లు సర్దుకుని మేడెక్కుతాను. ఇరవై ఏళ్లుగా ఆ దీపాలను చూస్తున్నాను గానీ, వాటిలో ఆయన పనిచేసే చోటు ఏదో నాకు తెలీదు. మా అమ్మాయి తన పాత సెల్‌ఫోను నాకిచ్చినప్పుడు మొదట తీయాలనిపించింది ఆ దీపాలనే.

తీశాను. ఆకాశం వెలిసిపోయిన గుడ్డలా, దీపాలు తెల్లటి చుక్కల్లా వచ్చాయి. సరే, ఫోనులోనే దిద్దుకోవచ్చని అమ్మాయి చెప్పింది కదా అని కూర్చున్నాను. ఆకాశానికి సిరా రంగు పట్టించాను. దీపాలకు తళుకులు అద్దాను. పొగ అసహ్యంగా ఉందని వేలితో తుడిచేశాను. పెళ్లి పందిరిలా తయారైంది. పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చిన మావారికి కాఫీతోపాటు చూపించాను.

"బాగుంది. ఏ ఊరిది?" అన్నారు.

నా మొహం చిన్నబోయింది. ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. తర్వాత మెల్లమెల్లగా నేర్చుకున్నవి ఇవి.

మొదటిది, వేళ. బాగా చీకటి పడ్డాక తీయకండి. అప్పుడు దీపానికి సరిపెడితే మిగతాదంతా మసి అవుతుంది, చీకటికి సరిపెడితే దీపాలు పగిలిపోతాయి. పొద్దు గుంకిన 15 నిమిషాల నుంచి అరగంట లోపు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. ఆ వెలుగూ దీపాల వెలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. మా వైపు డిసెంబరులో ఐదున్నర ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. అంటే సాయంత్రం దీపం పెట్టుకుని నేరుగా మేడెక్కవచ్చు.

రెండోది, శుభ్రం. మన ఫోను కెమెరా అద్దం మీద నూనె చేతుల మరక ఉండనే ఉంటుంది. పగలు తెలీదు. రాత్రి మాత్రం ప్రతి దీపానికీ తోక మొలుస్తుంది. కళ్లజోడు తుడుచుకునే మెత్తని గుడ్డతో తుడవండి.

మూడోది, కదలకపోవడం. చీకట్లో ఫోను రెండు మూడు సెకన్లపాటు వెలుగును పోగుచేసుకుంటుంది. చేయి వణికితే అంతా అలుక్కుపోతుంది. చిన్న గుడ్డసంచిలో కిలో బియ్యం పోసి మూతి కట్టండి. దాన్ని పిట్టగోడ మీద పెట్టి, ఫోనును అందులోకి అదిమి నిలబెట్టండి. టైమరు 3 సెకన్లకు పెట్టుకుంటే వేలు తాకిన అదురు కూడా ఉండదు. ఫ్లాష్ వద్దు, దాని వెలుగు నాలుగడుగులు దాటి పోదు. వేళ్లతో సాగదీసి దగ్గరకు లాగడమూ వద్దు, బొమ్మ పలచబడుతుంది.

నాలుగోది, వెలుగు కొలత. తెర మీద కనిపించే దీపాన్ని వేలితో తాకితే చాలా ఫోన్లలో పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి జరపండి, దీపాల ఆకారం తెలిసేదాకా. ఉప్పు తక్కువైతే తర్వాత వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం కదా! ఇదీ అంతే. నల్లబడ్డ చోటును తర్వాత కొంత పైకి తేవచ్చు, తెల్లగా మాడిపోయిన దీపాన్ని మాత్రం తిరిగి తేలేం.

ఇక కూర్పు. ఫ్యాక్టరీ మొత్తం పట్టాలని చూడకండి. ఒక పొగగొట్టం, ఒక మెట్ల వరస చాలు. ముందు భాగంలో మనది ఏదైనా ఉండనివ్వండి: పిట్టగోడ, బట్టల తీగ, తులసి కుండీ. అప్పుడది ఎవరి ఇంటినుంచి చూసిన దృశ్యమో తెలుస్తుంది. వాన వెలిసిన సాయంత్రం మేడ మీద నీళ్లు నిలిస్తే వాటిలో దీపాలు రెండింతలవుతాయి.

దిద్దుబాటు మర్నాడు పొద్దున చేయండి. చీకటి గదిలో ఫోను తెర ఉన్నదానికన్నా వెలుగ్గా కనిపించి మోసం చేస్తుంది. ముందు ఒరిగిన పొగగొట్టాలను నిటారుగా చేయండి. హైలైట్స్ కాస్త తగ్గించండి, షాడోస్ చిటికెడు పెంచండి. సోడియం దీపాలు పసుపు కలిసిన నారింజ రంగులో ఉంటాయి, ఎల్ఈడీలు తెల్లగా ఉంటాయి. ఫోను అన్నింటినీ తెల్లగా చేయబోతుంది. కొద్దిగా వెచ్చటి రంగు వైపు జరిపితే కంటికి కనిపించినట్టు ఉంటుంది. అక్కడితో ఆపండి. చీకటిని చీకటిగా ఉండనివ్వండి.

మరి పొగ? దీని గురించి ఒక మాట చెప్పాలి. జపానులో యొక్కాయిచి అనే ఊరుంది. అక్కడ పెట్రో రసాయనాల కర్మాగారాలు వెలిశాక, 1960ల్లో గంధకపు పొగతో జనానికి ఉబ్బసం వచ్చింది. ఆ జబ్బుకు ఊరి పేరే పెట్టారు. బాధితులు కోర్టుకెక్కి 1972లో ఆరు కంపెనీల మీద గెలిచారు. ఇప్పుడు అదే ఊళ్లో ఫ్యాక్టరీల రాత్రి దీపాలు చూడటానికి జనం టిక్కెట్టు కొని పడవలెక్కుతున్నారు. 2011లో అలాంటి ఊళ్లు కొన్ని కలిసి కవాసాకిలో ఒక సదస్సు కూడా జరుపుకున్నాయి. అందమూ నిజమే, ఉబ్బసమూ నిజమే. ఒకటి చూపించడానికి రెండోది చెరిపేయనక్కర్లేదు.

అన్నట్టు, తెల్లగా వచ్చేదంతా పొగ కాదు. శీతల గోపురాల మీద ఉబికేది నీటి ఆవిరి, కొంచెం దూరం పోయి మాయమవుతుంది. పొగ గాలివాటుకు చాలా దూరం సాగుతుంది. ఏది ఏదో చూసి తీయండి.

ఒక జాగ్రత్త. రేవులు, నౌకాదళం చోట్లు, చమురు శుద్ధి కర్మాగారాల దగ్గర ఫొటోలు నిషేధమని బోర్డులుంటాయి. అటు పోకండి. మీ మేడ చాలు. చీకట్లో పిట్టగోడ మీదికి వంగకండి, తోడుగా ఎవరినైనా పిలుచుకోండి.

కిందటి నెల మళ్లీ తీశాను. పొగ ఉంది. తీగ మీద తీయడం మరిచిపోయిన తువ్వాలు ఉంది. ఆకాశం నల్లగానే ఉంది. మావారికి చూపించాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్లజోడు తెచ్చుకుని మరీ చూశారు. తర్వాత గోటితో ఒక చుక్కను చూపించారు.

"ఇదిగో, ఈ మెట్ల మీద మూడో దీపం. రాత్రి రెండింటికి దీని కిందే కూర్చుని నీ పులిహోర తింటాను."

ఇప్పుడు మేడెక్కితే ఎటు చూడాలో నాకు తెలుసు.

మీ ఇంట్లోనూ రాత్రి షిఫ్టుకు వెళ్లేవాళ్లుంటే, ఈ వారం ఒక్కసారి తీసి చూడండి. వాళ్ల దీపం ఏదో అడగండి.