టాంగోకు తొలిపాఠము నడక

రియో డి లా ప్లాటా నది ఇరుదరులందలి బ్యూనస్ ఎయిర్స్, మాంటెవీడియో నగరముల పేదవాడలలో పంతొమ్మిదవ శతాబ్దాంతమున పొడమి, 2009లో యునెస్కోవారి అమూర్త వారసత్వ పట్టికకెక్కిన టాంగో నృత్యమును నేడు పలుదేశములందు నేర్పు బడులలో పెక్కింట, విద్యార్థి కాలిడిన తొలినాడే ‘బాసికో’ అను ఎనిమిదడుగుల వరుసను వల్లె వేయించుచున్నారు. ఈ పద్ధతి మానవలెనని నా దృఢాభిప్రాయము.

ఆ వరుసలో నడుపువాడు మొదట కుడికాలు వెనుకకు, పిమ్మట ఎడమకాలు ప్రక్కకు వేసి, రెండడుగులు ముందునకు సాగి, ఐదవ అడుగున పాదములు చేర్చగా, అనుసరించునామె ఎడమపాదమును కుడిపాదమునకు ముందుగా దాటించి నిలుచును. మిగిలిన మూడడుగులతో వరుస ముగియును. కాని మిలోంగాలో, అనగా టాంగో ఆడుకొను సభలో, జంటలన్నియు గడియారపు ముల్లునకు ఎదురుదిశగా ఒకదాని వెంట నొకటి వలయముగా సాగుచుండును గనుక, ఆ మొదటి వెనుకడుగు వెంటవచ్చు జంట పాదములపైననే పడును. అంతకంటె పెద్ద కీడు ఐదవ అడుగున నున్నది. అచ్చట కాలు దాటించవలెనని ముందే యెరిగిన స్త్రీ, అతని యెద తిరుగుటను కనిపెట్టి కాక, లెక్కను బట్టి దాటించును. అతడు ఆ సంజ్ఞను నిజముగా నిచ్చెనో లేదో అతనికిని తెలియదు, ఆమెకును తెలియదు. ఇరువురును నేర్చితిమనియే తలంతురు.

మన సంగీతాభ్యాసము సరళీస్వరములతో ఆరంభమగుట లేదా, వరుసలు వల్లె వేయనిదే మనోధర్మమెట్లు వచ్చునని అడుగువారు కలరు. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. ఐనను సరళీస్వరములు ఒక్కని గొంతును, లయను దిద్దుటకేర్పడినవి. వానిని కచేరీలో ఎవ్వరును పాడబోరు. టాంగో వరుస నేర్చినవాడో, దానిని మరునాడే మిలోంగాకు కొనిపోయి, కార్లోస్ ది సార్లి బృందపు గంభీరమైన నిదాన గమనమునకును, హువాన్ దారియెన్సో బృందపు చురుకైన తాళమునకును ఆ ఎనిమిదడుగులనే వేయుచు, తనతోడి మనిషిని గూడ అందు బంధించును.

1940 ప్రాంతమున బ్యూనస్ ఎయిర్స్ యువకులు ‘ప్రాక్తికా’ అను సాధనకూటములలో మగవారితోడనే ఆడుచు, మొదట అనుసరించుట నేర్చి, పిమ్మటనే నడుపుటకు పూనుకొనెడివారు. ఎదుటివాని బరువు ఏ కాలిపై నున్నదో తన దేహముతోనే గ్రహించు విద్య వారికట్లు అబ్బినది. 1983లో పారిస్‌లో మొదలై 1985లో బ్రాడ్‌వే చేరిన ‘టాంగో అర్జెంటీనో’ ప్రదర్శన పిమ్మట ఈ నృత్యముపై లోకమునకు మోజు పెరిగినది. గది నిండిన అపరిచితులకు ఒక్క గంటలో ఏదైన చేతికీయవలసిన గురువునకు వరుస సుకరమైనదని నేనెరుగుదును. కాని సౌకర్యము గురువుది, నష్టము శిష్యునిది. 1990లలో గుస్తావో నవేయిరా, ఫాబియాన్ సాలస్ ప్రభృతులు ఈ నృత్యమును ముందడుగు, వెనుకడుగు, ప్రక్కడుగు, ఇరుసుపై తిరుగుడు అను మూలములుగ విడదీసి చూచిన పిమ్మట, వేరు మార్గము లేదనుటకు వీలులేదు.

కావున టాంగో గురువులకు నా విన్నపమిది: మొదటి నెలయంతయు ఆలింగనమును, బరువు మార్పును, పాటతో కలిసి నడచుటను నేర్పుడు, వరుస నేర్పక తప్పదనుకొన్నచో, దానిని ఏ అడుగున నైనను ఆపి మరియొక దిక్కునకు మరలుటను ఆనాడే నేర్పుడు.